సూపర్‌వైజర్ పూలమడి

దుబాయిలో పన్నెండేళ్లు నేను సూపర్‌వైజర్‌గా పనిచేశానని మా ఊరంతా నమ్మింది. నమ్మించింది నేనే. నిజానికి నేను చేసింది రోడ్ల పక్కన పూలమొక్కలు పెట్టే పని. తవ్వడం, నాటడం, ఎండకు మాడినవి పీకేయడం, మళ్లీ నాటడం. వెళ్లిన మొదటి ఏడాది ఒకరోజు సూపర్‌వైజర్ టోపీ అడిగి పెట్టుకుని, కంపెనీ బండికి ఆనుకుని ఫోటో దిగి ఇంటికి పంపాను. సరదాకే. నా భార్య వనజ దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో గోడకు తగిలించింది. "ఊరందరికి చూపెట్టిన" అని ఫోన్లో ఎంత సంబరంగా చెప్పిందంటే, కాదనడానికి నాకు నోరు పెగల్లేదు. ఏడాదికేడాది అది ఇంకా కష్టమైంది.

మెట్‌పల్లి పక్కన మా ఊళ్లో ఇంటికొకరైనా గల్ఫ్‌లో ఉంటారు. అక్కడ తాము చేసే పని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. లక్ష్మీరాజం ఒక్కడే వేరు. నాకంటే ఐదేళ్లు చిన్నవాడు. అదే కంపెనీలో, అదే రూములో నా పైమంచం వాడిది. రెండేళ్ల కిందట తిరిగొచ్చి, హోటల్ దగ్గర అడిగినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "గడ్డికి నీళ్లు పట్టిన. పూలచెట్లు పెట్టిన. అరబ్బోని రోడ్డు నా చేతుల మీదనే పచ్చగైంది" అన్నాడట. ఊరు వాడికి గడ్డి లక్ష్మీరాజం అని పేరు పెట్టింది. నా సంగతి అడిగితే మాత్రం, "హనుమండ్లన్ననా? మా సారు. మస్తు స్ట్రిక్టు" అనేవాడట. నా అబద్ధాన్ని నాకంటే బాగా వాడే కాపాడాడు.

పోయిన ఎండాకాలం పని తగ్గిందని కంపెనీ నన్ను పంపించేసింది. నలభై ఏడేళ్ల వయసులో ఇంటికొచ్చి పడ్డాను. పొద్దున్నే ఇస్త్రీ అంగీ వేసుకుని హోటల్ దాకా వెళ్లడం, చాయ్ తాగి రావడం, అంతే పని. అక్కడ ఎవరైనా లక్ష్మీరాజాన్ని "ఏంరా గడ్డోడా" అని పిలిస్తే అందరూ నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. ఒకసారి కాదు.

మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డాక వనజ ఓరోజు బీడీలు చుట్టే చేట ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండానే అంది.

"ఊకెనే కూసుంటె నడుము పట్టుకుంటది. ఇంటి ముంగటి మడి జర సాఫ్ చెయ్యరాదు? రెండు తోటకూర విత్తులు సల్లు. నాకు బీడీలతోనే పొద్దు గూకుతంది."

ఆ మడి మా అవ్వది. ఇంటిగోడకూ దారికీ మధ్య పొడుగ్గా ఉంటుంది. అవ్వ పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మోకాళ్లెత్తు పిచ్చిమొక్కలు, వాటి మధ్య ముదిరిపోయిన నాలుగు బెండ చెట్లు, ఒక మిరప చెట్టు, ఎర్రకాడ గోంగూర. నేను నిజంగానే తోటకూర చల్లుదామని పార పట్టాను. కానీ మట్టి తిరగేశాక చేతులు నా మాట వినలేదు. అంచున సుతిలి తాడు పరిచి, నీళ్లు పారినట్టు వంకరగా గీత గీశాను. పాత బెండ, గోంగూర ఉన్నచోటే ఉంచి, వాటి పక్కన ఎత్తు పెరిగే గునుగు, సీతజడ పెట్టాను. వాటి ముందు బంతి, పసుపు కొంచెం, ఎరుపు ఎక్కువ. అన్నిటికంటే ముందు బిళ్లగన్నేరు. వరసలు వేయలేదు, మూడేసి, ఐదేసి గుంపులుగా పెట్టాను. మిరప చెట్టుకు కొమ్మలు కత్తిరిస్తే అది కూడా ఎర్రటి కాయలతో ఆ గుంపులో కలిసిపోయింది.

మా బిడ్డ సృజన కోరుట్లలో డిగ్రీ చదువుతోంది. బస్సు దిగి వచ్చి గేటు దగ్గరే ఆగింది.

"బాపూ, గిట్ల పెట్టుడు ఏడ నేర్చుకున్నవ్?"

"యూట్యూబ్‌ల."

పక్కింటి ఐలవ్వ అయితే నడుం మీద చెయ్యి పెట్టుకుని పడీపడీ నవ్వింది. "ఓరి హనుమండ్లూ! మేం చేన్ల ఒంగి ఒంగి పీకేస్తం గదరా గీ గునుగును! నువ్వు దండం వెట్టి ఇంటి ముంగట పెట్టుకున్నవా?"

శ్రావణం దాటేసరికి ఆ మడిని చూసి నవ్వినవాళ్లే ఆగి చూడడం మొదలుపెట్టారు. బండ్ల మీద పోయేవాళ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. వనజ తన చేటనూ తునికాకు కట్టనూ వెనక గదిలోంచి ముందు అరుగు మీదికి మార్చింది. వెలుతురు కోసమంది కానీ, దారిన పోయేవాళ్ల మాటలు వినడానికే అని నాకు తెలుసు. "మా ఆయిన చేసిండు. ఒక్క చెట్టు గూడ కూలోడు ముట్టలే" అని అందరికీ చెప్పేది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ నేను లోపలికి పోయేవాణ్ని. ఇంత బాగా ఎలా వచ్చింది నీకు అని ఎవరైనా అడుగుతారని భయం.

లక్ష్మీరాజం కూడా వచ్చాడు. సైకిల్ దిగి, మడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు. వనజకు వినపడేలా, "సారూ, మస్తున్నది! మాతోని చేయించుడే అనుకున్న, మీకు గూడ పని వస్తదన్నట్టు" అన్నాడు. తర్వాత నా పక్కకొచ్చి మెల్లగా, "అన్నా, బిళ్లగన్నేరు జానెడు ఎడం పెట్టినవ్. నేనైతె ఇంక జర దగ్గెర పెడుతుంటి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వానకాలంలో నేను సిగ్గుపడకుండా నవ్విన నవ్వు అదొక్కటే.

వినాయకుణ్ని నిమజ్జనం చేసిన వారానికి గోపాల్ కారు మా ఇంటి ముందు ఆగింది. గోపాల్ మెట్‌పల్లి రోడ్డు మీద ఫంక్షన్ హాల్ కట్టిస్తున్నాడు. దసరా నాడు ప్రారంభం. కారు దిగి, చల్లటద్దాలు తీసి మడి చూశాడు.

"హనుమండ్లన్నా, ఎవలు చేసిన్రు గిది? నా హాలు ముంగట గూడ గిట్లనే గావాలె. గా పనోన్ని నాకు చూపెట్టు."

పనోడు అన్న మాట నాకు తగలరాని చోట తగిలింది. వనజ అప్పుడే మంచినీళ్ల గ్లాసుతో గడప దాటి వస్తోంది. ఆమె నోరు తెరిచేలోపు నేనే తొందరపడ్డాను.

"లక్ష్మీరాజం చేసిండు. నేను దగ్గరుండి చేయించిన."

"గడ్డి లక్ష్మీరాజమా? దుబాయిల నీ కిందనే చేసిండు గదా! అయితె ఇంకేంది, నువ్వు నిలవడి చేయించు, వాడు చేస్తడు."

సరేనన్నాను. వనజ గ్లాసు గోపాల్ చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. కారు కదిలాక అడిగింది.

"ఎందుకు గట్ల చెప్పినవ్?"

"పనోడంటుండు గదా."

"పని చేసినోన్ని పనోడనే అంటరు. నేను బీడీలు చేస్త, నన్ను బీడీలామె అంటరు. నాకేమన్న కొమ్ములు ఊసిపోయినయా?"

మర్నాటి నుంచి ఆమె చేట వెనక గదిలోకి మారింది. నాకు అర్థమైంది, అయినా అర్థం కానట్టే తిరిగాను.

లక్ష్మీరాజానికి సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "ఏమాయె అన్నా! ఇంటికాడ ఖాళీగనే ఉన్న. నువ్వు సారువు, నేను గడ్డోన్ని" అన్నాడు. వాడు కోపగించుకుని ఉంటే అప్పుడే ఆగేవాణ్నేమో. అది కూడా నాకు నేను చెప్పుకునే మాటే.

బతుకమ్మలు మొదలయ్యాక నర్సరీ నుంచి డీసీఎం వ్యాను నిండా మొక్కలు దిగాయి. అన్నీ పూతమీద ఉన్నవి. గేటు నుంచి మెట్ల దాకా రెండువైపులా నాటాలి. నాకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. లక్ష్మీరాజం ఎండలో పార పట్టాడు. గోపాల్ లేనప్పుడు వాడు నాతో మామూలుగా మాట్లాడేవాడు, ఉన్నప్పుడు సార్ అనేవాడు. చుట్టూ మేస్త్రీలు, టైల్స్ పనివాళ్లు. వాళ్ల ముందు మట్టి ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం గోపాల్ వచ్చాడు.

"ఇంక సగం గూడ పెట్టలే? పొద్దుగాల సంది ఏం చేసిన్రు?"

"గుంతలు తయారున్నయ్ సేటూ. ఎండ తిరగంగనే పెడ్త. గిప్పుడు పెడితె తలలు వాలుస్తయ్" అన్నాడు లక్ష్మీరాజం.

గోపాల్ నావైపు తిరిగాడు. "ఏమంటవన్నా? నువ్వు సూపర్‌వైజర్‌వు."

లక్ష్మీరాజం చెప్పింది నిజం. దుబాయిలో పొద్దు వాలేదాకా మేం ట్రేలలోంచి మొక్క తీసేవాళ్లం కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు తొందరపడితే తిట్టింది కూడా నేనే. కానీ గోపాల్ చూస్తున్నాడు, మేస్త్రీలు చూస్తున్నారు.

"పెట్టు. నీళ్లు పడితె ఏం గాదు" అన్నాను.

"అన్నా, జర ఆగుదాం..."

"చెప్పింది చెయ్!"

దుబాయిలో మా సూపర్‌వైజర్ మాతో మాట్లాడిన గొంతే నా నోట్లోంచి వచ్చింది. లక్ష్మీరాజం వంగి నాటడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి సగానికి సగం మొక్కలు మెడలు విరిచినట్టు వాలి ఉన్నాయి. గోపాల్ మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నన్ను చూసి అలవాటుగా కుర్చీ వేశారు, నేను అలవాటుగా కూర్చున్నాను. గోపాల్ లక్ష్మీరాజం మీదికి పోయాడు.

"ఎల్లుండి జనం వస్తె గీ వాడిపోయిన పూలు చూపెట్టాల్నారా? ఎవడు పెట్టమన్నడు నిన్ను ఎండల?"

చెప్పుకాలితో ఒక బంతి మొక్కను తన్నాడు. అది వేళ్లతో, మట్టిగడ్డతో సహా లేచి నా కుర్చీ ముందు పడింది. లక్ష్మీరాజం నావైపు చూశాడు.

"నేను చెప్పిన. విన్లే" అన్నాను.

నిన్న పెట్టమన్నది నేనేనని గోపాల్‌కు తెలుసు, అయినా పనోణ్ని తిట్టడమే సులువన్నట్టు ఇంకేదో తిడుతున్నాడు. లక్ష్మీరాజం భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "అవు సేటూ. తప్పు నాదే" అన్నాడు. తన్నిన మొక్కను తీసి గుంతలో పెట్టి, మట్టి కప్పి, దోసిలితో నీళ్లు పోశాడు. పార కడిగి గోడకు ఆనించి గేటు దాటి వెళ్లిపోయాడు.

మర్నాడే సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. పొద్దున్నే ఐలవ్వా, మరో నలుగురు ఆడవాళ్లూ తాంబాళాలు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చారు. మడి నిండా పూలు విరగబూసి ఉన్నాయి. వనజ అరుగు మీద కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతోంది. తెల్లవారకముందే చేలల్లోకి పోయి, సంచి నిండా గునుగు, తంగేడు ఏరుకొచ్చింది. ఇంటి ముందు ఇన్ని ఉండగా ఎందుకు పోయిందో నేను అడగలేదు.

"వనజా, గీసారి ఊరందరి కంటె నీ బతుకమ్మనే ఎత్తుగుంటది. తెంపుదామా బిడ్డా?" అంది ఐలవ్వ.

"వద్దత్తా. అవి మాయి గావు. లక్ష్మీరాజం పెట్టిన పూలు. ఆయన్ను అడగకుంట నేనెట్ల తెంపుత?"

"గదేంది? మా ఆయిన పెట్టిండని నువ్వే అంటివి గదా!"

"నాకు తెల్వక అన్న. గోపాల్ సేటుకు గీయిననే చెప్పిండు, లక్ష్మీరాజం పెట్టిండని." ఆమె గొంతులో కోపం లేదు. నావైపు చూడను కూడా లేదు. చేతిలో కట్టకు దారం చుడుతూనే ఉంది. సృజన మాత్రం చూసింది. పూలపళ్లెం పట్టుకుని గడపలో నిలబడి నా ముఖంలోకి సూటిగా చూసింది.

నేల చూస్తూనే చెప్పాను. "నేనే పెట్టిన. దుబాయిల గూడ గిదే పని. సూపర్‌వైజర్ను గాను. లక్ష్మీరాజం, నేను ఒక్క తీరు పనోళ్లం."

ఐలవ్వ తాంబాళం చంకలోంచి తీసింది.

"గంతేనారా? నా కొడుకు ఆడ లెట్రిన్లు కడుగుతడు. ఆఫీసు బాయ్ అని చెప్తడు. నాకు తెల్వదనుకుంటుండు, నేను గూడ తెల్వనట్టే ఉంట. ఇంతకు తెంపాల్నా వద్దా చెప్పుండ్రి, పొద్దెక్కుతంది."

వాళ్లు మడిలోకి దిగారు. నేను వనజ వెనక ఇంట్లోకి పోయాను. ఆమె పొయ్యి దగ్గర సద్దుల నైవేద్యం కోసం బియ్యం కడుగుతోంది. తప్పయిందని అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు అబద్ధం ఒక్కసారి చెప్పి ఊకున్నవ్. పన్నెండేండ్లు ఊరందరికి చెప్పింది నేను."

బియ్యం కడిగిన నీళ్లు వంపింది. మళ్లీ అంది. "నిన్న హాలు కాడ ఏం జరిగిందో లక్ష్మీరాజం పెండ్లాం చెప్పింది. మాకు చెప్పుడు గాదు. ఆడ చెప్పు పో."

హాలు దగ్గర గోపాల్ ఫోన్లో ఉన్నాడు. మేస్త్రీలందరికీ వినపడేలా చెప్పాను. "ఎండల పెట్టమన్నది నేను. లక్ష్మీరాజం వద్దనే అన్నడు, నువ్వు గూడ విన్నవ్. నేను దుబాయిల సూపర్‌వైజర్ను గాను, మాలీని. నా ఇంటి ముంగటి మడి నేను పెట్టిందే."

గోపాల్ ఫోన్ చెవి నుంచి కొంచెం పక్కకు జరిపాడు. "ఎవలు మాలీ అయితె నాకేందన్నా? రేపు పదింటికి జనం వస్తరు. గివన్ని సక్కగ చేసి పెట్టు" అని మళ్లీ ఫోన్లో పడ్డాడు. మేస్త్రీలు టైల్స్ కోసుకుంటూనే ఉన్నారు. పన్నెండేళ్లు నేను ప్రాణంలా దాచుకున్న మాట అక్కడ ఎవరికీ ఒక్క నిమిషం కూడా అక్కర్లేకపోయింది.

లక్ష్మీరాజం ఇంటి ముందు కూర్చుని మక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. నన్ను చూసి వాడి భార్య లోపలికి వెళ్లిపోయింది. ఇంటి దగ్గర చెప్పింది, గోపాల్‌తో చెప్పింది, అంతా వాడికి చెప్పాను. "మంచిగైందన్నా" అన్నాడు.

"తప్పైంది లక్ష్మీరాజం. లే, ఇద్దరం పోయి సక్కగ చేద్దాం."

వాడు ఇంకో కంకి అందుకున్నాడు. పొట్టు తీస్తూనే అన్నాడు.

"గడ్డోడంటె నేనెన్నడు బాధపడలే అన్నా. నువ్వు సారువంటె గూడ నవ్వుకున్న. నిన్న విన్లే అన్నవ్ సూడు, గది గూడ పోనియ్యి. గాని గోపాల్ చెట్టును కాలుతోని తంతె నువ్వు కుర్సీల కెల్లి లేవలే. ఆడ మనం పెట్టిన చెట్ల మీదికి బండెక్కిచ్చిండని ఒకని అంగీ పట్టి గుంజినవ్ నువ్వు. రెండు రోజులు డ్యూటీకి రానియ్యలే నిన్ను. గా హనుమండ్లన్న ఏడ వోయిండు?"

వాడు ఒలిచిన కంకిని కుప్పలో వేశాడు.

"పో అన్నా, ఎండెక్కుతంది. ముందుగాల నీడ వెట్టి నీళ్లు పట్టు."

"నువ్వు రావా?"

"రాను."

ఆ రోజంతా నేనొక్కణ్నే పనిచేశాను. వాలిన పూలు కత్తిరించి, తడిపిన గోనెపట్టాలు నీడగా కట్టి, ఎండ తిరిగాక మిగిలినవి నాటాను. ఊళ్లోంచి బతుకమ్మ పాటలు వినిపిస్తుంటే కూడా లేవలేదు. చాలా మొక్కలు బతికాయి. గోపాల్ నన్ను అక్కడే మాలీగా ఉండమన్నాడు, ఉన్నాను. ఊరు నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోయింది. వనజ చేట మళ్లీ ముందు అరుగు మీదికి వచ్చింది కానీ, నా గురించి ఎవరితోనూ ఏమీ చెప్పదు.

బండివాడి అంగీ పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో వారం రోజులు పెట్టిన మొక్కలవి. ఆ సాయంత్రం రూములో లక్ష్మీరాజం తన పళ్లెంలోని కూర సగం నాకు పెట్టి, "నీ పక్కన పనిచేసుడే నాకు ఇజ్జత్ అన్నా" అన్నాడు. పన్నెండేళ్లలో ఇంటికి చెప్పుకోదగ్గ పని నేను చేసింది అదొక్కటే. పనే దాచినవాణ్ని కాబట్టి దాన్నీ దాచాను. ఇప్పుడు నేను చెబితే వనజ ఎందుకు నమ్మాలి? చెప్పాల్సింది లక్ష్మీరాజం. వాడు మా ఇంటికి రావడం మానేశాడు.